శరదృతువులో భోజనాల బల్ల అలంకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

మహాలయ అమావాస్య నుంచి కార్తీక పౌర్ణమి దాకా సుమారు 45 రోజులు మా ఇంట్లో భోజనాల బల్ల ఖాళీగా ఉండదు. ఒకరోజు గిన్నెడు బంతిపూలు, ఒకరోజు సీసాలో నాలుగు గునుగు కొమ్మలు, ఒక్కోసారి చేటలో జొన్నకంకులూ రెండు గుమ్మడికాయలూ. చూసినవాళ్ళు ఏటా అవే ప్రశ్నలు అడుగుతుంటారు. విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, చేతిపని నైపుణ్యం కూడా అంతగా అక్కర్లేదు. ఏ పువ్వు నీళ్ళలో ఎలా ఉంటుంది, ఏది సాయంత్రానికి వాడుతుంది, ఏది ఏడాది నిలుస్తుంది అన్నది తెలియాలి. మిగతాది దానంతట అదే వస్తుంది.

శరదృతువు అంటే ఆకురాలు కాలం కదా? మన దగ్గర రంగు మారిన ఆకులే ఉండవు, మరి దేనితో అలంకరించాలి?

మన ఆకురాలు కాలం శిశిరం. అది మాఘ ఫాల్గుణాల్లో వస్తుంది. ఆశ్వయుజ కార్తీకాల శరత్తు అందుకు పూర్తిగా వేరు. వానలు వెనకబట్టి ఆకాశం తేటపడుతుంది, చెరువులు నిండుగా ఉంటాయి, వెన్నెల తెల్లగా కాస్తుంది. చేలగట్ల మీద గునుగు, గుట్టల మీద తంగేడు, గోదావరి లంకల్లో రెల్లు, పెరట్లో బంతి, తెల్లవారేసరికి చెట్టు కింద పారిజాతాలు. చల్లటి దేశాల్లో చెట్లు ఆకులు రాల్చే నెలల్లో మన నేల పూలతో నిండిపోతుంది. అందుకే ఎర్రటి మేపుల్ ఆకుల ప్లాస్టిక్ దండలు కొని బల్ల మీద పరచడం నాకు నచ్చదు. మన వాకిట్లో లేని ఋతువును కొని తెచ్చుకోవడం ఎందుకు?

ఎప్పుడు ఏవి దొరుకుతాయి?

సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో గునుగు, తంగేడు, సీతజడ, పోకబంతి, గుమ్మడిపూలు. పోకబంతినే కొన్ని చోట్ల బొగడబంతి అంటారు. దసరాకు బంతి, చామంతి వెల్లువలా వస్తాయి. సీతాఫలాలు, మొక్కజొన్న పొత్తులు, జొన్న, సజ్జ కంకులు కూడా అప్పుడే. దీపావళి దాటాక చామంతి ఇంకా బాగుంటుంది, ఉసిరి కొమ్మలు వస్తాయి, వరికోతలు మొదలై కంకులు దొరుకుతాయి.

హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పొద్దున్నే వెళ్తే అన్నీ ఒకచోట ఉంటాయి. గోదావరి జిల్లాలవాళ్ళకు కడియం ఉండనే ఉంది. అయితే పండుగ ముందురోజు మాత్రం వెళ్ళకండి. ధర ఎక్కువ, పువ్వు నలిగి ఉంటుంది. రెండు రోజుల ముందు మొగ్గలు గట్టిగా ఉన్న చామంతి తెచ్చుకుంటే పండుగనాటికి నిండుగా విచ్చుకుంటుంది.

మొదటిసారి చేస్తున్నాను. అన్నిటికన్నా తేలికైనది ఏది?

వెడల్పాటి గిన్నెలో నీళ్ళు, పైన తేలే పూలు. పది నిమిషాల పని. ఉర్లి, అంటే పూలు తేల్చడానికి వాడే వెడల్పాటి లోహపు పాత్ర, లేకపోతే కొనొద్దు. పప్పు గుత్తితో రుబ్బుకునే మట్టి మూకుడు, ఇత్తడి తాంబాలం, ఆఖరికి చపాతీ పిండి కలిపే స్టీలు బేసిన్ అయినా సరే. స్టీలు గిన్నెకు చుట్టూ అరిటాకు ముక్క చుట్టి పురికొసతో కడితే అది స్టీలని ఎవరికీ తెలియదు.

గిన్నెలో మూడు వేళ్ళ లోతు నీళ్ళు చాలు. నిండా పోస్తే పూలు అంచుకు జారిపోయి మధ్యలో ఖాళీ మిగులుతుంది. ముందు అంచు చుట్టూ ముద్దబంతి పూలను తొడిమ తీసేసి, వీపు కిందకి ఉండేలా వరసగా పెట్టండి. ఒకదానికొకటి తగులుతూ బిగువుగా ఉండాలి. వదులుగా ఉంటే ఫ్యాన్ గాలికి అన్నీ ఒక పక్కకు చేరతాయి. మొదటి వరస నారింజ రంగైతే రెండోది పసుపు. మధ్యలో నాలుగైదు తెల్ల నందివర్ధనాలు. ఆకుపచ్చ కావాలంటే అంచు బయటకు నాలుగు మామిడాకులో కరివేపాకు రెమ్మలో. అంతే, ఇంకేమీ కలపకండి. ఐదారు రంగులు కలిస్తే కంటికి ఏదీ ఆనదు.

పూలు తక్కువ ఉన్నాయా? రెండు బంతిపూల రేకులు విడదీసి నీళ్ళ మీద చల్లండి, మధ్యలో ఒక్క మందారం పెట్టండి. మందారానికి నీళ్ళున్నా లేకున్నా ఆయుష్షు ఒక్కరోజే. కాబట్టి దాన్ని ఉత్త కంచంలో పెట్టినా ఆ రోజంతా అలాగే ఉంటుంది.

ఏ పువ్వు ఎన్ని రోజులు నిలుస్తుంది?

ఇది నేను ఏళ్ళ తరబడి చూసి నేర్చుకున్నది. మీ ఇంటి వేడిని బట్టి ఒకరోజు అటూ ఇటూ అవుతుంది.

కాడతో ఉన్న చామంతి వారం పైనే ఉంటుంది. తేలే బంతి రెండు మూడు రోజులు. తంగేడు పొద్దున కోస్తే సాయంత్రానికి తల వాలుస్తుంది. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది కాబట్టి టిఫిన్ వేళకే దాని అందం. తామర మొగ్గ అదంతట అది బల్ల మీద విచ్చుకోవడం చాలా అరుదు. పై రేకులను ఒక్కొక్కటిగా లోపలికి మడిచి పెడితే ఒకటి రెండు రోజులు నిండుగా కనబడుతుంది. గునుగు, సీతజడ, పోకబంతి మాత్రం ఎండినా రంగు, ఆకారం వదలవు. నెలలు నిలుస్తాయి.

పారిజాతం గురించి ఒక మాట. తెల్లవారుజామున చెట్టు కింద పాత చీర పరిచి ఉంచండి. రాలిన పూలకు మట్టి అంటదు. లోతు లేని కంచంలో వేలి మందాన నీళ్ళు పోసి, నారింజ రంగు కాడ కిందకి, తెల్ల రేకులు పైకి ఉండేలా ఒక్కొక్కటే వదలాలి. ఓపిక కావాలి, అరచేతి వెడల్పు కంచానికి ముప్ఫై నలభై పూలు పడతాయి. పదకొండు గంటలకల్లా వాడిపోతాయి. అయినా ఆ మూడు నాలుగు గంటలు ఇల్లంతా ఆ సన్నటి వాసన ఉంటుంది. ఈ ఋతువులో నేను చేసే అలంకరణలన్నిటిలో నాకు ఇష్టమైనది ఇదే.

బంతిపూలు సీసాలో పెడితే రెండో రోజుకే నీళ్ళు కంపు కొడుతున్నాయి. ఎందుకు?

బంతి కాడ, ఆకు నీళ్ళలో చాలా తొందరగా కుళ్ళుతాయి. నీటిమట్టం కింద ఒక్క ఆకు కూడా ఉండకూడదు. రోజూ నీళ్ళు మార్చి, సీసా లోపల బ్రష్‌తో కడిగి, కాడ చివర అరంగుళం ఏటవాలుగా కోయండి. నీళ్ళలో చక్కెర వేయమని చాలామంది చెబుతారు. ఉత్త చక్కెర వేస్తే బాక్టీరియాకు మేత వేసినట్టే అవుతుంది. వేయాలనుకుంటే లీటరుకు ఒక చెంచా చక్కెర, రెండు చెంచాల నిమ్మరసం కలపండి. నేను మాత్రం మంచినీళ్ళు రోజూ మార్చడాన్నే నమ్ముతాను.

కొనేటప్పుడే పువ్వును వెనక్కి తిప్పి చూడండి. తొడిమ పచ్చగా, నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా, గోధుమరంగులో ఉంటే పువ్వు లోపల కుళ్ళు మొదలైందని అర్థం. పైరేకులు ఎంత మెరిసినా ఆ పూలు వదిలేయండి.

పూలు నిలబెట్టడానికి ఆకుపచ్చ ఫోమ్ ఇటుక కొనాలా?

వద్దు. అది ప్లాస్టిక్ జాతిది. మట్టిలో కలవదు, నలిగి సన్నటి పొడిగా మారి కాలవల్లో చేరుతుంది. మన ఇళ్ళలో అంతకన్నా మంచి వస్తువు ఉంది. అరటి బోదె. గెల కొట్టేసిన చెట్టు నుంచి మూడంగుళాల మందాన గుండ్రటి ముక్క కోసి తాంబాలంలో పెట్టండి. దాని నిండా నీరే. చామంతి కాడలు, గునుగు కొమ్మలు గుచ్చితే రెండు మూడు రోజులు ఇంకేమీ పోయనక్కర్లేదు. కాడ మెత్తగా ఉంటే ముందు అగరుబత్తి పుల్లతో రంధ్రం చేసి గుచ్చండి.

ఒక్క జాగ్రత్త. అరటి జిగురు బట్టకు అంటితే ఆ మరక పోదు. మా అమ్మ నేసిన చేనేత తువ్వాలు ఒకటి నేను అలాగే పాడు చేసుకున్నాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. కోసిన ముక్కను అరగంట పళ్ళెంలో ఉంచి, కారిన జిగురు కడిగి, ఆ తర్వాతే బల్ల ఎక్కించండి.

అరటి బోదె దొరకని ఫ్లాట్లవాళ్ళు గిన్నె మూతి మీద పారదర్శకంగా ఉండే సెల్లో టేపును అడ్డంగా, నిలువుగా గళ్ళలా అతికించి, ఆ గళ్ళలో కాడలు దించుకోవచ్చు. ఒక పెద్ద బంగాళాదుంపకు రంధ్రాలు చేసినా పని జరుగుతుంది.

గునుగు ఎండబెట్టడం ఎలా? మేము పెడితే బూజు పట్టింది.

గునుగు మీద నాకు ప్రేమ ఎక్కువ, కాస్త వివరంగానే చెబుతాను. చాలామందికి అది చేలో కలుపు. పత్తి, మొక్కజొన్న చేల గట్ల మీద దానంతట అదే మొలుస్తుంది, కలుపుమందు కొట్టిన చేలో మిగలదు. అడుగున వెండిలాంటి తెలుపు, పైకి పోనుపోను గులాబీ రంగు. వేళ్ళతో నిమిరితే గరగరలాడుతుంది. బతుకమ్మకు తెచ్చిన కట్టల్లో సగం మా ఇంట్లో ఎండబెట్టడానికే పోతుంది.

కోసేటప్పుడు మంచు ఆరాక, తొమ్మిది పది గంటల వేళ కోయాలి. తడి పువ్వు కట్ట కడితే లోపల ఉక్కబట్టి బూజు పడుతుంది, మీకు జరిగింది ఇదే అయి ఉంటుంది. ఆకులన్నీ దూసేయండి. పది పన్నెండు కాడలకు మించి ఒక కట్టలో పెట్టకండి. కాడలు ఎండేకొద్దీ సన్నబడతాయి కాబట్టి దారంతో కాకుండా రబ్బరు బ్యాండుతో కట్టండి, జారిపోవు. తలకిందులుగా నీడలో వేలాడదీయాలి. ఎండలో పెడితే ఆ గులాబీ రంగు వారంలో పాలిపోతుంది. పది పదిహేను రోజుల్లో కాడ విరిస్తే పుటుక్కున విరగాలి. అప్పుడు ఎండినట్టు.

కింద పాత పేపరు పరచడం మరచిపోవద్దు. ఆవగింజ కన్నా చిన్న, నల్లటి మెరిసే గింజలు రాలుతూనే ఉంటాయి. నెల్లూరు, చిత్తూరు వైపు ఈ రోజుల్లోనే వానలు పడుతుంటాయి కాబట్టి అక్కడివాళ్ళు ఫ్యాన్ తిరిగే గదిలో కట్టుకోవాలి.

ఎండిన గునుగును నీళ్ళలో పెట్టకూడదు. ఉత్త సీసా చాలు. పోయినేడాది దసరా గునుగు ఉగాది దాకా మా బల్ల మీదే ఉంది, వారానికోసారి హెయిర్ డ్రయ్యర్ చల్లగాలితో దుమ్ము దులిపేదాన్ని.

రెల్లుకూ ఇదే పద్ధతి. కాకపోతే కంకి అప్పుడే పొర విడిచి, ఇంకా దూది విచ్చుకోకముందే కోయాలి. ఆలస్యమైతే ఇల్లంతా ఎగురుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇంట్లో రెల్లు అసలే వద్దు.

రంగులు అద్దిన గునుగు బల్ల మీద పెట్టొచ్చా?

బతుకమ్మ కోసం గునుగు తలలకు గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగులు అద్దడం మా దిక్కు ఇంటింటా చేసేదే. అది పేర్చిన తాంబాలంలో బ్రహ్మాండంగా ఉంటుంది. భోజనాల బల్ల మీదకు మాత్రం రంగు అద్దని గునుగే తీసుకోండి. ఆ రంగు చెయ్యి తడి తగిలితే చాలు, వదులుతుంది. పచ్చడి గిన్నె పక్కన అది ఉండటం మంచిది కాదు.

బతుకమ్మనే బల్ల మధ్యలో అలంకరణగా ఉంచవచ్చా?

నా మనసు ఒప్పుకోదు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా ఆ తొమ్మిది రోజులు బతుకమ్మ అంటే గౌరమ్మే. దేవుడి దగ్గర పెట్టి, వాకిట్లో ఆడి, నీళ్ళలో సాగనంపాలి. చూసి మురవడానికి బల్ల మీద పెట్టుకునే వస్తువు కాదు. కానీ పేర్చాక పూలు తప్పకుండా మిగులుతాయి. పొట్టి కాడల గునుగు, రేకు ఊడిన బంతి, విడి పోకబంతులు. అవన్నీ బల్లకు. పేర్చే పద్ధతిని కూడా అరువు తెచ్చుకోవచ్చు. చిన్న పళ్ళెంలో గుమ్మడాకు వేసి, అంచు వెంట ఒక వరస, దాని మీద కాస్త లోపలికి ఇంకో వరస పూలు పెట్టి మధ్యలో తరిగిన ఆకులు నింపితే చిన్న పూలదిబ్బ తయారవుతుంది. పసుపు గౌరమ్మను పెట్టరు కాబట్టి అది పూల అలంకరణే.

బల్ల మీద పెట్టిన పూలు తర్వాత పూజకు వాడొచ్చా?

మా ఇంట్లో వాడం. తినే చోట ఉన్నవి ఎంగిలి అయినట్టే లెక్క. అందుకే పూలు ఇంటికి రాగానే దేవుడి వాటా ముందు తీసి వేరే గిన్నెలో పెడతాం, తర్వాతే బల్ల. ఇంట్లో అత్తమ్మలు, అమ్మమ్మలు ఉంటే వాళ్ళకు ఈ మాట ముందే చెప్పండి, ఇక ఎవరికీ టెన్షన్ ఉండదు.

పూలు అసలు లేకుండా చేయగలమా?

హాయిగా. పాత చేటలో ఒక తీపి గుమ్మడికాయ, రెండు మొక్కజొన్న పొత్తులు తొక్క వెనక్కి మడిచి, గుప్పెడు జొన్నకంకులు పురికొసతో కట్టి. పంట ఇంటికొచ్చే రోజుల్లో ఇంతకన్నా నిండైన అలంకరణ ఏముంటుంది? గుమ్మడికాయ తొడిమ విరగకుండా ఉంటే గాలి తగిలే చోట రెండు మూడు నెలలు చెడకుండా ఉంటుంది, తర్వాత దప్పళంలోకి పనికొస్తుంది.

కంకులు పెట్టేముందు రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టండి, లేకపోతే పురుగు పడుతుంది. కార్తీకంలో కొత్త వరికంకులు దొరికితే కుచ్చులా కట్టి వారం రోజులు బల్ల మీద ఉంచి, ఆ తర్వాత బాల్కనీలో వేలాడదీయండి. పిచ్చుకలు ఉన్న చోటైతే వెతుక్కుంటూ వస్తాయి.

పళ్ళ గంప పక్కన పూలు పెడితే తొందరగా వాడిపోతున్నాయి. నిజమేనా?

నిజమే. పండే పళ్ళు ఎథిలీన్ అనే వాయువును వదులుతాయి. సీతాఫలాలు, అరటిపళ్ళు, యాపిల్ అన్నీ అంతే. ఆ వాయువు పూలను తొందరగా ముదరబెడుతుంది. మహబూబ్‌నగర్ నుంచి బాలానగర్ సీతాఫలాలు తెచ్చిన రోజు నేను పూలగిన్నెను బల్లకు అటు చివర పెడతాను. పళ్ళతోనే అలంకరించాలనుకుంటే పక్కన ఎండు గునుగు పెట్టండి. దానికి ఎథిలీన్‌తో పనిలేదు.

గిన్నెలో నిలవ నీళ్ళు కదా, దోమలు రావా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళకు దండం పెట్టాలి. వానలు వెనకబట్టే ఈ రోజులే డెంగీ రోజులు. ఆ జ్వరం తెచ్చే దోమ మురికినీళ్ళ కంటే ఇలాంటి శుభ్రమైన, కొద్దిపాటి నిలవ నీళ్ళనే వెతుక్కుంటుంది. మన వేడికి గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి రెండురోజులకోసారి నీళ్ళు పూర్తిగా పారబోయాలి. పైన పోసి నింపడం లెక్కలోకి రాదు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: గుడ్లు నీటి అంచు దగ్గర గిన్నె గోడకు అతుక్కుని ఉంటాయి, గిన్నె ఎండిపోయినా నెలల తరబడి చావవు. అందుకని పీచుతో గోడలు గట్టిగా రుద్ది కడగాలి. వారం ఊరికి వెళ్తున్నారంటే గిన్నె తుడిచి బోర్లించి వెళ్ళండి.

దీపాలు పెట్టాలని ఉంది. ప్రమాదం లేకుండా ఎలా?

ఎండు గునుగు, రెల్లు, కంకులు దూదిలా అంటుకుంటాయి. వాటితో పాటు నూనె దీపం ఒకే బల్ల మీద వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. దీపం కావాలంటే నీళ్ళు, తాజా పూలు ఉన్న గిన్నెలోనే. మధ్యలో చిన్న గ్లాసు బోర్లించి దాని మీద ప్రమిద పెట్టండి, చుట్టూ పూలు తేలుతుంటాయి, వత్తి పడిపోయినా నీళ్ళలోనే పడుతుంది. ఫ్యాన్ ఆపండి. పిల్లలు అందుకునే బల్ల అయితే బ్యాటరీ దీపాలు చాలు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

కార్తీకంలో ఉసిరి దీపం అందం వేరు. పెద్ద ఉసిరికాయ అడుగు కొద్దిగా కోసి నిలబడేలా చేసి, పైన చెంచాతో గుంట తీసి, నేతిలో తడిపిన చిన్న పువ్వొత్తి పెట్టాలి. ఇత్తడి పళ్ళెంలో అయిదు కాయలు గుండ్రంగా పేర్చి మధ్యలో ఉసిరి రెమ్మ. క్షీరాబ్ది ద్వాదశికి తులసి దగ్గర పెట్టడానికి తెచ్చిన కొమ్మలో చిన్న రెమ్మలు మిగులుతాయి కదా, అవి చాలు.

పిల్లలున్న ఇంట్లో ఏవి పెట్టకూడదు?

గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త భోజనాల బల్ల దరిదాపుల్లోకి రాకూడదు. చెట్టంతా విషమే. అగ్నిశిఖ, అడవినాభి అని పిలిచే ఎరుపు పసుపు మంటలాంటి పువ్వు ఈ రోజుల్లో కంచెల మీద కనబడి మనసు లాగుతుంది. అది కూడా విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్నుకే ముప్పు. అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాల్సింది గురివింద గింజల గురించి. ఎరుపు నలుపు రంగులతో ముద్దుగా ఉంటాయని గాజు గిన్నెల్లో పోసి పెడుతుంటారు. నమిలి మింగితే ప్రాణం తీస్తాయి. దయచేసి వద్దు.

అమ్మకానికి పండించిన పూల మీద పురుగుమందు కొట్టి ఉండొచ్చు. కాబట్టి అన్నం మీద, స్వీట్ల మీద రేకులు చల్లకండి. ఆ సరదా పెరటి పూలతోనే.

కొలువు ఎత్తేశాక బొమ్మలను బల్ల మీద పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, బాగుంటాయి కూడా. కొండపల్లి బొమ్మలు తేలికైన పొణికి కర్రవి, తడి తగిలితే రంగు పోతుంది. నీళ్ళ గిన్నెకు దూరంగా ఉంచండి. ఏటికొప్పాక బొమ్మలకు లక్క పూత, వేడికి అది మెత్తబడుతుంది. దీపానికి దూరంగా ఉంచండి. ఇత్తడి తాంబాలంలో ఎండు గునుగు పరిచి మధ్యలో రెండు బొమ్మలు చాలు, కొలువంతా దింపొద్దు.

అతిథులు వస్తున్నారు. ఎంత ఎత్తు, ఎంత పెద్దది చేయాలి?

కూర్చున్నాక ఎదుటివాళ్ళ ముఖం కనబడాలి. మోచెయ్యి బల్ల మీద ఆనించి చెయ్యి నిలబెట్టండి, మీ పిడికిలి దాటి ఏదీ లేవకూడదు. వెడల్పు కంటే పొడవు నయం, వడ్డించే గిన్నెలకు ఇరుపక్కలా చోటుండాలి. ఆ చోటు కూడా లేదంటే ఒక్కో కంచం పక్కన ఒక్కో పోకబంతి రెమ్మ పెట్టండి, చాలు.

నేలసంపెంగలు, మల్లెలు మాత్రం వద్దు. అవి బల్ల మీద ఉంటే పులిహోర పోపు వాసన కూడా తెలియదు. వాటిని గుమ్మం దగ్గర పెట్టండి. కింద పరచడానికి చిరిగిన చేనేత చీర కొంగు కత్తిరించి వాడండి. పసుపు పూలకు ముదురు నీలం, గునుగుకు మెరూన్ బాగా నప్పుతాయి.

మేము అమెరికాలో ఉంటాం. ఇక్కడ గునుగూ లేదు, మంచు పడగానే బంతీ పోతుంది.

అక్కడి శరత్తు అక్కడిదే, దాన్నే వాడుకోండి. దుకాణాల్లో మమ్స్ పేరుతో కుండీల్లో అమ్మేవి మన చామంతులే. రెండు చిన్న గుమ్మడికాయలు, ఇత్తడి పళ్ళెం, నాలుగు చామంతులు. మీ ఇల్లు మీ ఇల్లులాగే ఉంటుంది. అక్కడ మేపుల్ ఆకులు నిజంగానే వాకిట్లో రాలుతాయి కాబట్టి వాటిని వదలకండి. మందపాటి పుస్తకంలో రెండు కాగితాల మధ్య పెట్టి వారం పది రోజులు బరువు పెడితే చదునుగా ఎండుతాయి. మెత్తగా ఉండాలంటే ఒక వంతు గ్లిజరిన్, రెండు వంతుల నీళ్ళు కలిపి ఆకులను అందులో మూడు నాలుగు రోజులు ముంచి తుడవండి. విరగవు, రంగు కొంచెం ముదురుతుంది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకు దసరా వసంతంలో వస్తుంది. అక్కడ ఏది పూస్తే అదే పెట్టుకోవాలి.

బంతి మనదే అనుకుంటాం కానీ దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడ నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయిన పెద్దలను తలుచుకుంటూ ఇవే బంతిపూలతో బల్లలు అలంకరిస్తారు. మన పెద్దల అమావాస్య అయిపోయిన కొద్ది వారాలకే. అంత దూరంలో అదే పువ్వు, అదే ఋతువు, దాదాపు అదే తలపు. ఇది తెలిసిన రోజు బంతిపూల గంపను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

వాడిన పూలు ఏం చేయాలి?

దారాలు, రబ్బరు బ్యాండ్లు తీసేసి కుండీలో మట్టితో కలిపితే రెండు మూడు నెలల్లో ఎరువు. బంతి రేకులను నీళ్ళలో మరిగించి వడకట్టి, కాస్త పటిక కలిపి తెల్ల నూలు జేబురుమాలు ముంచితే మంచి పసుపు రంగు వస్తుంది, పిల్లలకు సెలవుల్లో సరదా పని.

నాలుగు మంచి బంతిపూలు మాత్రం పారేయకుండా పూర్తిగా ఎండనివ్వండి. రేకులు పట్టి లాగితే కింద నల్లటి పుల్లల్లాంటి గింజలు వస్తాయి. కాగితంలో చుట్టి, పేరు, తేదీ రాసి పెట్టుకోండి. హైబ్రిడ్ రకమైతే మొక్కకు తల్లి పువ్వు పోలిక పూర్తిగా రాకపోవచ్చు, నాటు బంతి అయితే అచ్చం అలాగే పూస్తుంది. జులై మొదట్లో కుండీలో నారు పోసి, నెలకు మొక్కలు విడదీసి నాటి, నడినెత్తిన చిగురు ఒకసారి తుంచండి. పక్క కొమ్మలు గుబురుగా వచ్చి దసరాకు మీ బంతిపూలు మీ బాల్కనీలోనే ఉంటాయి.